కూలెంట్ తగ్గితే నీళ్ళు పోయడం కాదు, ఎక్కడికి పోతోందో చూడండి

నాలుగు నెలల్లో మా నాన్నగారి కారు మీద ముగ్గురు మెకానిక్‌లు చెయ్యి వేశారు. ముగ్గురూ డబ్బులు తీసుకున్నారు. ఒక్కరు కూడా లీకు ఎక్కడుందో వెతకలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను కానీ తగ్గేలా లేదు, అందుకే రాస్తున్నాను.

బండి 2009 మోడల్, చిన్న పెట్రోల్ కారు, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ దారిలో ఆగి ఎరగదు. నాన్నగారికి పొద్దున్నే బానెట్ ఎత్తి ఆయిలూ, కూలెంటూ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) చూసే అలవాటు ఉంది. ఫిబ్రవరిలో ఆయనే చెప్పారు, కూలెంట్ బాటిల్లో లెవెల్ తగ్గుతోందని. వారానికి దాదాపు అర లీటరు. బండి కింద చూస్తే ఒక్క చుక్క లేదు. ఇంటి దగ్గర మెకానిక్‌ని అడిగితే "ఎండలు ముదురుతున్నాయి కదా సార్, ఆవిరైపోతది, నీళ్ళు పోసుకుంటా ఉండండి" అన్నాడు. నాన్నగారు ఆ మాట నమ్మి బోరు నీళ్ళు పోయడం మొదలుపెట్టారు.

నా గొడవంతా ఈ ఒక్క మాట మీదే. రేడియేటర్ ఏమీ మూత తీసి పెట్టిన బిందె కాదు, ఊరికే ఆవిరైపోవడానికి. అది విజిల్ పెట్టిన కుక్కర్ లాంటిది. మా బండి రేడియేటర్ క్యాప్ మీద 0.9 అని ఉంటుంది, అంటే లోపల ఒత్తిడి 0.9 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దాటేదాకా ఆ స్ప్రింగ్ పైకి లేవదు. ఆ ఒత్తిడి ఉండబట్టే మామూలుగా 100 డిగ్రీలకి మరిగే నీళ్ళు 118 దాకా మరగకుండా ఆగుతాయి, సగానికి సగం కూలెంట్ కలిపితే ఇంకా పైకి. వేడికి పొంగింది బాటిల్లోకి పోతుంది, చల్లారాక మళ్ళీ రేడియేటర్లోకి వెనక్కి వస్తుంది. ఏడాదికి ఒక వేలెడు తగ్గితే సరే, వారానికి అర లీటరు తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది, లేదంటే ఇంజిన్ లోపలికి పోయి కాలుతోంది. మూడో దారి లేదు. ఎండకి ఆవిరైందనే మాట చెప్పిన మనిషి దగ్గర బండి ఉంచకండి.

మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నాం. సూర్యాపేట దాటాక టెంపరేచర్ మీటర్ ముల్లు నెమ్మదిగా పైకి ఎక్కింది, ఇంకో రెండు నిమిషాలకి దానంతట అదే కిందికి దిగింది. "చల్లబడిందిలే" అన్నారు నాన్నగారు. నాకెందుకో అనుమానం వచ్చి ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా తిప్పాను. వేడిగాలి రాలేదు, బయటి గాలి ఎలా ఉందో అలాగే వచ్చింది. అప్పుడు గుండె ఆగినంత పనైంది. ఇంజిన్ మండిపోతున్నప్పుడు హీటర్లో వేడి రాలేదంటే అందులోకి నీళ్ళే రావట్లేదని అర్థం. ముల్లు దిగింది కూడా అందుకే. ఆ సెన్సర్ తన చుట్టూ ఉన్న కూలెంట్ వేడిని కొలుస్తుంది, కూలెంట్ పోయి చుట్టూ ఉత్త గాలే మిగిలితే అది ఏం చెప్తుంది? వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాం. దయచేసి ఇది గుర్తు పెట్టుకోండి, ఎక్కిన ముల్లు కారణం లేకుండా దిగితే సంతోషించకండి, బండి ఆపండి. ఆపాక క్యాప్ జోలికి వెళ్ళకండి. ఆ వేడి మీద మూత తిప్పితే మరుగుతున్న నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. మేము వేపచెట్టు కింద గంట కూర్చున్నాం, పై హోస్ చేత్తో పట్టుకోగలిగాకే మూత తీశాం. కాలిపోతున్న ఇంజిన్లో చన్నీళ్ళు పోసినా ఇంజిన్ పైభాగం, అదే అల్యూమినియం హెడ్, వంకర పోవచ్చు, పగలనూ పగలొచ్చు.

దారిలో దొరికిన రెండో మెకానిక్ ఏం చేశాడంటే, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే చిన్న తలుపు లాంటిది) పీకేసి, ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ చేశాడు. "మన ఎండలకి ఇది ఎందుకు సార్, ఇది చలిదేశాల వాళ్ళకి." ఈ మాట మీలో ఎంతమంది వినుంటారో నాకు తెలుసు. థర్మోస్టాట్ ఉన్నది చలి కోసం మాత్రమే కాదండీ, ఇంజిన్‌ని అది పనిచేయాల్సిన వేడి దగ్గర నిలబెట్టడానికి. 82, 88 డిగ్రీల దగ్గర తెరుచుకునేలా చేస్తారు. అది తీసేస్తే హైవే మీద ఇంజిన్ ఎప్పుడూ సగం చల్లగానే నడుస్తుంది, బండిలోని కంప్యూటర్ ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మాకు 15 వచ్చే మైలేజీ 12కి పడింది. లీకు మాత్రం అలాగే ఉంది.

మూడో చోటు విజయవాడలో కాస్త పెద్ద షాపు. చూడగానే రేడియేటర్ పోయిందన్నారు, 5,800 పెట్టి కొత్తది వేశారు. వారం తిరక్కుండా మళ్ళీ లెవెల్ తగ్గింది. ఈసారి "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాలి, పాతిక వేలవుతుంది" అన్నారు. హెడ్‌కీ కింది ఇంజిన్‌కీ మధ్య ఉండే సీలు అది. ఏం చూసి చెప్పారని అడిగాను. జవాబు లేదు. గ్యాస్కెట్ పోతే కనపడే గుర్తులు ఉంటాయి కదా. సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లటి పొగ, ఆయిల్ మూత కింద మీగడలాంటి మడ్డి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే హోస్ రాయిలా బిగుసుకోవడం, రేడియేటర్లో ఆగకుండా బుడగలు. నీలం రంగు ద్రావకంతో పరీక్ష కూడా ఉంది, రేడియేటర్లో పొగ కలుస్తుంటే అది పసుపు రంగుకి మారుతుంది. ఇవేవీ చూడలేదు. పాత రేడియేటర్ ఇమ్మంటే తుక్కుకి వేసేశామన్నారు. అది నిజంగా పోయిందో లేదో ఇక మాకెప్పటికీ తెలియదు.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ముందు అడిగిన ప్రశ్న "ఎప్పుడు హీటెక్కుతోంది బాబూ, సిగ్నల్ దగ్గరా, రోడ్డు మీదా?" ఎంత మంచి ప్రశ్నో చూడండి. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు మాత్రమే ఎక్కి, కదలగానే దిగితే ముందు ఫ్యాను, దాన్ని ఆన్ చేసే రిలే స్విచ్ చూడాలి. స్పీడు మీద ఎక్కితే రేడియేటర్ పూడుకుపోవడమో, పంపు నీళ్ళు తోయకపోవడమో. రెండు చోట్లా ఎక్కుతూ లెవెల్ కూడా తగ్గుతుంటే ముందు లీకు. తర్వాత ఆయన చల్లటి ఇంజిన్ మీద క్యాప్ తీసి, సైకిల్ పంపులాంటిది, మీటర్ ఉన్నది, ఆ మూతి దగ్గర బిగించి 0.9 దాకా గాలి కొట్టారు. ముల్లు వంకే చూస్తూ నిలబడ్డాం. పది నిమిషాల్లో 0.5కి వచ్చేసింది. ఆయన టార్చి తీసుకుని వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం చూశారు, పొడిగా ఉంది. హోస్ క్లిప్పుల దగ్గర తెల్లటి ఉప్పులాంటి పొర లేదు. ముందు సీటు కింద కార్పెట్ నొక్కి చూశారు, హీటర్ లోపల కారితే అక్కడ జిగటగా, తియ్యటి వాసనతో తడి ఉంటుందట, ఏసీ నీళ్ళైతే వాసన రాదు. అదీ లేదు. ఇంజిన్ వెనక, మనం కూర్చునే వైపున్న ఇనప గోడ దగ్గర, ఒక ఇనప నీళ్ళ పైపు ఉంది. దాని మీద సూది బెజ్జమంత చిల్లు, అందులోంచి సన్నటి తుంపర. వేడి మీద ఆ తుంపర సైలెన్సర్ పైపు మీద పడి అక్కడికక్కడే ఆవిరైపోతోంది. నాలుగు నెలలుగా కింద చుక్క కనపడకపోవడానికి కారణం అదీ.

పైపు తీసి చూపించారు. లోపలంతా తుప్పు, గోరుతో గీకితే పెళ్ళలుగా ఊడింది. "బోరు నీళ్ళు పోశారా?" అన్నారు. నాన్నగారు తల దించుకున్నారు, ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన తప్పేముంది? కూలెంట్లో తుప్పు పట్టకుండా కాపాడే మందు ఉంటుంది, ఉత్త నీళ్ళు పోసేకొద్దీ అది పలచబడిపోతుంది, మన బోరు నీళ్ళలో ఉప్పు సరేసరి. మొదట ఎంత చిన్న చిల్లు ఉండేదో గానీ, దాన్ని పెంచింది మాత్రం ఆ మెకానిక్ చెప్పిన వైద్యమే. పైపు, కూలెంట్, కూలీ అన్నీ కలిపి 2,100 అయింది.

రేడియేటర్లో పసుపు పొడి వేస్తే లీకు ఆగుతుందని కూడా చాలామంది చెప్పారు. అడవి మధ్యలో ఆగిపోతే ఇల్లు చేరడానికి వేసుకోండి, కాదనను. కానీ అది చిల్లు ఒక్కదానికే అంటుకుని ఊరుకోదు, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ హీటర్లోనూ పేరుకుంటుంది. ఇంకోటి, కారిన కూలెంట్‌ని నేల మీద అలా వదిలేయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది వాటికి విషం.

థర్మోస్టాట్ మళ్ళీ పెట్టించాం, ఫ్యాన్ వైరింగ్ మామూలుగా చేయించాం. కూలెంట్ నింపాక ఆ పెద్దాయన క్యాప్ తీసే ఉంచి, హీటర్ ఆన్ చేసి, కింది హోస్ వేడెక్కేదాకా ఇంజిన్ నడిపారు, బుడగలన్నీ పోయి లెవెల్ దిగితే మళ్ళీ పోశారు. లోపల గాలి ఉండిపోతే కొత్త పైపు వేసినా బండి హీటెక్కుతుందట. నాన్నగారు బాటిల్ మీద మార్కర్‌తో గీత పెట్టారు. ఇరవై రెండు రోజులైంది, లెవెల్ ఆ గీత మీదే ఉంది.