మళ్లీ ఆగిన బ్లోయర్ ఫ్యాను

నెల్లూరులో హీటరు ఎవరికి కావాలని మీరు నవ్వవచ్చు గానీ, పాత కారులో హీటరుకూ ఏసీకీ గాలి కొట్టేది ఒకే ఫ్యాను కనుక, రోహిణి కార్తెలో అది ఆగిపోతే కావలి చేరేలోపు మనిషి ఉడికిపోతాడు. మా కారుకు మూడు నెలల్లో నాలుగుసార్లు ఫ్యూజు మార్చారు. ఫ్యూజు పోవడం రోగమా, రోగలక్షణమా? ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు అరిగి బిగుసుకున్న ఫ్యాను మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందేమో మీటరు పెట్టి చూడమంటే, "20 ఆంపియర్లది తీసి 30 వేస్తే సరిపోద్ది సార్" అన్నాడు మెకానిక్కు. వైరింగు అంటుకుంటే ఎవరు ఆర్పుతారు? తక్కువ స్పీడులన్నీ పోయి చివరిది మాత్రమే తిరుగుతుంటే కరెంటు తగ్గించి ఫ్యాను వేగం తగ్గించే రెసిస్టరును అనుమానించాలి కదా. ఈయన స్విచ్చి మార్చి డబ్బు పుచ్చుకున్నాడు. రెసిస్టరుకు వైర్లు కలిపే చోట కరిగి నల్లబడిన కనెక్టరును నేనే చూపించవలసి వచ్చింది. నిన్న ఎట్టకేలకు కొత్త రెసిస్టరు వేశారు, అదే కాలిన కనెక్టరుకు!