మళ్ళీ మొలుస్తుందట!

"ఏం కాదులే చెల్లెమ్మా, బల్లి తోకేగా, మళ్ళీ మొలుస్తుంది" అన్నారు భోజనానికొచ్చిన అన్నయ్యగారు. ఊడిన తోక ఇంకా ఆయన చేతిలో గిలగిల కొట్టుకుంటూనే ఉంది. మా ఆయన కూడా నవ్వారు, ఇంటికొచ్చిన వాళ్ళ ముందు మర్యాద కదా. మా ఆయన సంగతి వేరే చూసుకుంటాను.

నిన్న రాత్రి భోజనాలకి పిలిచాం. పిలవడం నా ఖర్మ. మా అమ్మాయి ఎన్నాళ్ళ నుంచో అడిగి అడిగి తెచ్చుకున్న లెపర్డ్ గెక్కో, అంటే చుక్కల పెంపుడు బల్లి, దాని గదిలో ట్యాంకులో ఉంది. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు చూసి దానికి పులిహోర అని పేరు పెట్టుకుంది. ట్యాంకు మీద "ముట్టుకోవద్దు" అని ఇంగ్లీషులో, తెలుగులో రాసి అంటించింది. అన్నయ్యగారికి రెండూ చదవడం వచ్చు. డాలస్‌లో పెద్ద ఉద్యోగం. అయినా మూత తీసి, పైనుంచి చెయ్యి పెట్టి ఎత్తేశారు. ఎందుకు? వీడియోకి.

పైనుంచి ఏది వచ్చినా తనని తినడానికే వచ్చిందనుకుంటుంది ఆ ప్రాణి, బెదిరి తోక వదిలేసింది. కొత్తగా తెచ్చాక ఒకటి రెండు వారాలు అసలు ముట్టుకోకూడదు, ఇల్లు అలవాటు కావాలి. ఆ తర్వాత కూడా నేల మీద కూర్చుని, అరచెయ్యి కింద పెట్టి, అది తనంతట తాను ఎక్కేదాకా ఆగాలి. పది పదిహేను నిమిషాలు ఆడించి వదిలెయ్యాలి. తిన్న వెంటనే అయితే అదీ వద్దు, కక్కేస్తుంది. మా పిల్ల ఇవన్నీ పాటించింది. సాయంత్రం పూట ట్యాంకులో చెయ్యి పెట్టి కదలకుండా కూర్చునేది, తన వాసన దానికి అలవాటు కావాలని. పదేళ్ళ పిల్లకున్న ఓపిక ఈయనకి లేకపోయింది.

మొలుస్తుంది, నిజమే. పొట్టిగా, బుడిపెలాగా మొలుస్తుంది, లోపల ఎముక కూడా ఉండదు, మృదులాస్థి ఉంటుంది. అసలు ఆ లావు తోక అందానికి కాదండీ, తిండి దొరకని రోజుల కోసం కొవ్వంతా దాచుకునేది అందులోనే. ఇవన్నీ చెప్పబోతుంటే వదిన అందుకుంది: "తోక ఊడి చేతిలో పడితే ఏం ఫలమో పంచాంగంలో చూడాలండీ." బల్లిశాస్త్రం! ఇది గోడ ఎక్కలేని రకం తల్లీ, మన ఇంటి బల్లికి ఉన్నట్టు దీని వేళ్ళకి పట్టు ఉండదు. కనురెప్పలు కూడా ఉంటాయి, ఇంటి బల్లికి అవీ ఉండవు. సీలింగే ఎక్కలేనిది నెత్తిన ఎక్కడ పడుతుంది? పైగా "మేం కంచిలో బంగారు బల్లిని ముట్టుకునే వచ్చాంలే, మాకేం దోషం లేదు" అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. పులిహోరని ఎవరు కంచికి తీసుకెళ్తారో మరి! సబ్బుతో చేతులు కడుక్కోండి, వీటి నుంచి సాల్మొనెల్లా అనే బాక్టీరియా అంటుకోవచ్చు అంటే మాత్రం ముఖాలు మాడిపోయాయి.

అన్నయ్యగారిది విశాఖ. "మా వైపు ఇలాంటివి కనబడితే విషపుదని కొట్టి చంపేసేవాళ్ళం" అని గొప్పగా చెప్పారు. వీటికి విషం లేదు మహాప్రభో! ఆ విశాఖలోనే దొరికిన దీని చుట్టాన్ని 2022లో కొత్త జాతిగా గుర్తించి యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు కూడా పెట్టారు. శాస్త్రజ్ఞులు టార్చిలైట్లు పట్టుకుని వెతుకుతుంటే మనవాళ్ళు కర్రలు పట్టుకుని వెతికారన్నమాట.

ఇదంతా మింగేసి ఊరుకునేదాన్నే. పొద్దున్నే వదిన వాయిస్ మెసేజ్. సారీ చెబుతుందేమో అనుకున్నాను, నా పిచ్చి. "దానికి సరిగ్గా పెట్టడం లేదేమో, మొదట్నుంచీ బక్కగానే ఉంది. క్యారెట్ ఉడకబెట్టి మెత్తగా అన్నంలో కలిపి చూడు."

అన్నం! ప్రాణంతో కదిలే పురుగులు తప్ప అది ఇంకేమీ తినదు. క్యారెట్ మేం కీచురాళ్ళకి వేస్తాం. అవి బాగా మేశాక కాల్షియం పొడి అద్ది దీనికి వేస్తాం. దాని రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్ద పురుగు వెయ్యకూడదు. మిగిలిన కీచురాళ్ళని రాత్రి ట్యాంకులో వదిలేస్తే అవే దీన్ని కొరుకుతాయి, ఏరి తీసెయ్యాలి. పొట్ట కింద 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడి లేకపోతే తిన్నది అరగదు. గెక్కో పిల్లలకైతే రోజూ, పెద్దవాటికి రెండు మూడు రోజులకోసారి పెట్టాలి. శాకాహారుల ఇంట్లో ఫ్రిజ్‌లో పెరుగు పక్కన మీల్‌వార్మ్ పురుగుల డబ్బా పెట్టుకుని నేను చేస్తున్న సేవ ఇది. నాకు చెబుతోంది బక్కగా ఉందని! (వెట్ కూడా ఇప్పుడు కాస్త ఎక్కువే పెట్టమన్నారు. తోకతో పాటు నిల్వంతా పోయింది కాబట్టి. ఎవరి వల్ల పోయిందో తెలుసు కదా.)

కొత్త చోటికి వచ్చిన గెక్కో కొన్నాళ్ళు తినకపోవచ్చు. వేడి సరిగ్గా ఉందా లేదా చూసుకుని, నీళ్ళు పెట్టి, దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. ఆ వదిలెయ్యడమే మనవాళ్ళకి చేతకాదు. విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ మీదుగా వడ్డించే జాతి మనది.

"బక్కగా ఉంది" అన్న మాట ఈవిడ నోట కొత్తగా వినడం లేదు. మా అమ్మాయి మూడేళ్ళప్పుడు కనబడిన ప్రతి చోటా ఇదే పాట. ఎదుగుదల బాగుందని డాక్టర్ చెప్పినా సరే. ఒక పుట్టినరోజు పార్టీలో నేను వంటింట్లో ఉండగా పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఫోన్ పెట్టి, ముద్ద మీద ముద్ద కుక్కింది. పిల్ల అక్కడే కక్కేసింది. తుడిచింది నేను. "మా పిల్లలు చక్కగా తినేవాళ్ళమ్మా, నువ్వు అలవాటు చెయ్యలేదు" అంది అందరి ముందూ. అప్పుడూ మా ఆయన నవ్వారు. ఇన్నేళ్ళు పళ్ళ బిగువున ఊరుకున్నాను.

మా అమ్మాయి నిన్న రాత్రంతా ట్యాంకు పక్కనే పడుకుంది. పొద్దున లేచి, తోక ఊడిన చోట ఏమీ అంటుకోకుండా అడుగున శుభ్రమైన పేపర్ టవల్స్ పరిచింది. తర్వాత నన్ను అడిగింది, "అంకుల్ సారీ చెప్పారా?" అని. ఏం చెప్పను? పెద్దవాళ్ళు చెప్పరమ్మా అననా?

శనివారం వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. నేను రాను, పిల్ల రాదు. మా ఆయన్ని ఒక్కరినే వెళ్ళి నవ్వుకోమన్నాను. ప్రసాదం మాత్రం తెమ్మన్నాను. స్వామి మీద నాకేం కోపం లేదు.