నైట్రోజన్ జీన్స్ సరే, గోడ కట్టే జీన్స్ సంగతేంటి?

వరి, గోధుమ లాంటి పంటలు గాల్లో నైట్రోజన్‌ని సొంతంగా వాడేసుకునేలా చేస్తే యూరియా అవసరమే ఉండదు అనే మాట ఎప్పట్నుంచో వింటున్నాం, ఆ టాపిక్ వచ్చిన ప్రతిసారీ అందరూ నిఫ్ జీన్స్ గురించే మాట్లాడతారు, అంటే గాల్లో నైట్రోజన్‌ని వాడుకునే రూపంలోకి మార్చే నైట్రోజినేజ్ ఎన్జైమ్‌ని తయారు చేసే జీన్స్ అన్నమాట. నాకైతే అది సగం కథే అనిపిస్తుంది. ఆ ఎన్జైమ్‌కి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, పైగా ఈ పని చెయ్యాల్సింది పగలంతా ఆక్సిజన్ వదిలే మొక్కలో!

ఇదే చిక్కుని అనబీనా అనే సయనోబాక్టీరియా, అంటే మొక్కల్లాగే ఎండతో ఆహారం చేసుకుని ఆక్సిజన్ వదిలే బాక్టీరియా, ఎప్పుడో తేల్చేసుకుంది. దారంలా వరసగా ఉండే కణాల్లో, నైట్రోజన్ ఎరువు దొరకనప్పుడు సుమారు పది ఇరవై కణాలకి ఒకటి చొప్పున హెటెరోసిస్ట్‌గా, అంటే నైట్రోజన్ పట్టడానికే ప్రత్యేకించిన కణంగా మారిపోతుంది, దానికి ఒక రోజు పడుతుంది. ఏ కణం మారాలో నడిపించే హెట్ ఆర్ జీన్ 1991లో, పక్క కణాలు కూడా మారిపోకుండా ఆపే పాట్ ఎస్ 1998లో బయటపడ్డాయి, పేరంతా వాటికే వచ్చింది.

కానీ అసలు కష్టం కణం మారడం మొదలయ్యాక ఉంటుంది, ఆక్సిజన్‌ని అడ్డుకునే గోడ కట్టుకోవాలి. ముందు బయట పాలిసాకరైడ్ (చక్కెర గొలుసుల) పొర పడాలి, దానికి హెప్ జీన్స్ కావాలి. దాని లోపల గ్లైకోలిపిడ్ పొర, పొడుగాటి ఆల్కహాల్ గొలుసుకి ఒక చక్కెర అంటించిన అణువులు, వీటిని తయారు చేసేవి హెచ్‌జీఎల్ జీన్స్. గ్యాస్‌ని అడ్డుకునేది ప్రధానంగా ఈ లోపలి పొరే, బయటిది దానికి కాపలా. ఇక డెవ్ బీసీఏ అని మూడు జీన్స్ ఉన్నాయి, ఇవి సరుకు తయారు చెయ్యవు, బయటికి పంపించే పంపు మాత్రమే. వీటిని పాడు చేస్తే ఏమవుతుందంటే గ్లైకోలిపిడ్ కణంలో తయారవుతూనే ఉంటుంది, పొర మాత్రం కట్టుకోదు! ఇటుకలు లోపలే గుట్టగా పడి ఉన్నట్టు.

ఇలా జీన్ పాడైన మ్యుటెంట్లని ల్యాబ్‌లో పట్టుకునే టెస్ట్ కూడా భలే ఉంటుంది. సీసాలో అసిటిలీన్ పెడితే నైట్రోజినేజ్ దాన్ని ఎథిలీన్‌గా మారుస్తుంది, అది కొలుస్తారు. పొర సరిగ్గా లేని స్ట్రెయిన్‌కి గాలితో ఉన్న సీసాలో ఎథిలీన్ రాదు, ఆక్సిజన్ తీసేసి ఆర్గాన్ నింపితే చాలాసార్లు వచ్చేస్తుంది. అంటే ఎన్జైమ్ బాగానే ఉంది, లేనిది రక్షణే. ఆక్సిజన్ ఉంటే నైట్రోజన్ పట్టలేని వీటికి ఫాక్స్ మైనస్ అని పేరు పెట్టారు, ఎరువు వేస్తే మామూలుగానే పెరుగుతాయి కూడా.

అలాగని మందంగా గోడ కట్టేస్తే అయిపోతుందనుకుంటే పొరపాటే. నైట్రోజన్ అణువు, ఆక్సిజన్ అణువు దాదాపు ఒకే సైజు, ఒకదాన్ని రానిచ్చి రెండోదాన్ని ఆపడం ఏ పొర వల్లా అయ్యే పని కాదు. పొర చేసేది రెండింటినీ నెమ్మదింపజెయ్యడమే, లోపలికి జారిన కాస్త ఆక్సిజన్‌ని శ్వాసక్రియ ఎన్జైములు కాల్చేస్తాయి, పైగా హెటెరోసిస్ట్ తనంతట తాను ఆక్సిజన్ తయారు చెయ్యడం మానేస్తుంది, కాబట్టి చక్కెర పక్క కణాలే పెట్టాలి, బదులుగా ఇది వాటికి నైట్రోజన్ ఇస్తుంది. ఇంత ఏర్పాటు ఉంటే గానీ ఆ ఎన్జైమ్ బతకదు, మనమేమో ఎన్జైమ్ ఒక్కటీ తీసుకెళ్ళి మొక్కలో పెట్టేస్తే చాలనుకుంటాం!

గోడ లేకుండా కూడా నైట్రోజన్ పట్టేవి ఉన్నాయిగా అని ఎవరైనా అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. కొన్ని ఏకకణ సయనోబాక్టీరియా కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయే రాత్రిపూట ఈ పని చేసుకుంటాయి. 2024లో ఒక సముద్రపు ఆల్గేలో నైట్రోజన్ పట్టే నైట్రోప్లాస్ట్ అనే కణాంగం ఉందని కూడా తేలింది. మొక్కల మైటోకాండ్రియాలో నిఫ్ ప్రోటీన్లు పెట్టి చూస్తున్నవాళ్ళు కూడా అక్కడ ఆక్సిజన్ ఖర్చయిపోతుందనే ఆ చోటు ఎంచుకున్నారు. గోడైనా, టైమింగైనా, చోటైనా, ఆక్సిజన్‌కి ఏదో ఒక లెక్క ముందే చూసుకోవాల్సిందే కదా. అందుకే మొక్కలో నైట్రోజినేజ్ పనిచేసిందని ఈసారి ఎవరైనా ప్రకటిస్తే నేను ముందు చూసేది ఎన్ని జీన్స్ ఎక్కించారని కాదు, ఆ ఎథిలీన్ కొలత మామూలు గాల్లో తీశారా, ఆర్గాన్ నింపిన సీసాలో తీశారా అని.