లంక అరటిలో గడ్డిమందు: అక్కా తమ్ముళ్ల వాదు

రావులపాలెం దగ్గర గోదావరి లంకలో పక్కపక్కనే రెండు అరటి తోటలు, నాటి మూడో నెల. తమ్ముడు తన తోటలో కలుపు మీద గ్లైఫోసేట్ అనే గడ్డిమందు కొట్టాడు. పది రోజులకు గట్టుకు ఇవతల, అక్క తోటలో ఆరు మొక్కల కొత్త ఆకులు పాలిపోయాయి.

తమ్ముడు: ఆరు మొక్కలే కదా అక్కా, డబ్బిచ్చేస్తాను. ఇంత రాద్ధాంతం దేనికి?

అక్క: డబ్బు కోసం పిలవలేదు. ఇలా వచ్చి ఈ మొవ్వాకు చూడు. సన్నగా మెలితిరిగి, ఈనెకు రెండు వైపులా పచ్చదనం పోయి తెల్లచారలు పడ్డాయి. నువ్వు కొట్టిన రోజు గాలి ఇటు వీచింది. అది తగిలిన చోట మాడ్చి ఊరుకునే మందు కాదు, ఆకు నుంచి వేరు దాకా దిగుతుంది. గరికకూ అరటికీ తేడా దానికి తెలియదు.

తమ్ముడు: గాలి చూసుకోకపోవడం నా తప్పే. ఈసారి నాజిల్‌కు తొడుగు పెట్టి కొడతాను. కానీ వరి నాట్ల రోజుల్లో కలుపుకు మనుషులు దొరుకుతున్నారా? దొరికినా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి ఉండే ఆ ఆడవాళ్ల నడుముల సంగతి ఆలోచించావా? పైగా తుంగ. పారతో తవ్విన కొద్దీ పెరుగుతుంది. నేల కింద గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి, తెగిన ప్రతి ముక్కా మొలకెత్తుతుంది. అరటి వేళ్లు చూస్తే పైపైనే పాకుతాయి, పార దెబ్బకు అవీ తెగుతాయి. గడ్డల దాకా వెళ్లి చంపేది మందొక్కటే.

అక్క: తుంగ గురించి నువ్వన్నది అక్షరాలా నిజం. రెండేళ్లు తవ్వించి దాన్ని పెంచింది నేనే. అందుకే పార మానేశాను. ఇప్పుడు నేను చేసేది విను. ఆరడుగుల ఎడంలో నాటితే ఎకరాకు 1,200 మొక్కలు. మొదటి నాలుగైదు నెలలు వాటి మధ్య నేలంతా ఎండకు బోసిగా పడి ఉంటుంది. వరద తెచ్చిన ఒండ్రులో ఎన్ని గింజలున్నాయో అన్నీ అప్పుడే లేస్తాయి. అరటి దెబ్బతినేదీ ఆ నెలల్లోనే, ఆ తర్వాత ఆకులు కలుసుకుని నీడ పడితే కలుపు తనంతట తానే తగ్గుతుంది. ఆ నీడేదో ముందే తెప్పిస్తే? నాటగానే జనుము చల్లుతాను. పూతకు రాకముందే కొడవలితో కోసి అక్కడే పరుస్తాను, పైన ఎండు అరటాకులు కప్పుతాను. తుంగ నీడకు ఓర్చుకోలేదు. గడ్డలు చావవు, నీరసిస్తాయి. నాకు అది చాలు, దాన్ని నిర్మూలించాలన్న పంతం లేదు. నీ మందు సంగతి చూడు, తుంగ మాడింది సరే, ఆ ఖాళీలో ఏది పచ్చగా నిలబడింది? వెన్నదేవికూర! గ్లైఫోసేట్‌కు అది తేలిగ్గా లొంగదు. అరటికి తెగులు తెచ్చే మొజాయిక్ వైరస్ కాపురం ఉండే కలుపు కూడా అదే.

తమ్ముడు: వైరస్ మాట నువ్వా ఎత్తేది? నిరుడు నువ్వు వేసిన అలసంద నిండా పేనుబంక పురుగులే. ఆ వైరస్‌ను మోసేది పేనుబంకే కదా?

అక్క: అలసంద నా పొరపాటే. మరి నీ దోసపాదులో? ఆ వైరస్‌కు పేరే దోస మొజాయిక్. అరటి మధ్య దోస పెట్టవద్దని నాటేటప్పుడే చెప్పాను.

తమ్ముడు: ఆ దోసకాయలమ్మే పిల్లవాడి ఫీజు కట్టాను.

అక్క: ఫీజుకు నన్నడగకూడదా?

తమ్ముడు: ప్రతిసారీ నిన్నే అడగాలా?

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.)

అక్క: ఆ పిల్లవాడి చేతే మందు కలిపించావు. చేతులకు తొడుగులు కూడా లేవు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటిలో చేర్చింది.

తమ్ముడు: ఐరోపా సమాఖ్య 2023లో అదే మందుకు మరో పదేళ్లు అనుమతి ఇచ్చింది. వాళ్లకు తెలియకనా?

అక్క: తెలిసే ఇచ్చారనుకో. మన దేశం 2022 అక్టోబరులో ఏం చెప్పింది? చీడల నివారణకు లైసెన్సున్న వాళ్లే కొట్టాలని. అంతకు ముందు కూడా అనుమతి ఉన్నది తేయాకు తోటలకూ, పంట వేయని నేలలకే. అరటికి ఎప్పుడూ లేదు. రేపు పిల్లవాడికి ఏమైనా అయితే ఎవరిని అడుగుతావు?

తమ్ముడు: ...వాడి చేత ఇక కలిపించను. కానీ ఆ తుంగ మూలను మాత్రం మందు లేకుండా వదలలేను. జనుము చల్లితే కోయడానికి మళ్లీ మనుషులే కావాలి కదా?

అక్క: విత్తనం నా దగ్గర అర బస్తా మిగిలింది. ఆ మూలలోనే ముందు చల్లు. కోసే రోజు నేనూ వస్తాను, నీ కొడవలి సాన పట్టించి ఉంచు.