తిరిగి రావడం కోసమే వదులుకునే పౌరసత్వం

విదేశాంగ శాఖ పార్లమెంటులో లెక్క చెప్పిన ప్రతిసారీ మన పత్రికల్లో ఒకే తీరు శీర్షికలు వస్తాయి. భారత పౌరసత్వం వదులుకున్నవారు 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది. దేశం మీద నమ్మకం పోయిందని కొందరు, దేశభక్తి కరవైందని ఇంకొందరు వాదనకు దిగుతారు. కరోనాతో ఆఫీసులన్నీ మూతబడిన 2020లో ఈ సంఖ్య 85,256కి పడిపోయింది. ఆ ఏడాది దేశభక్తి ఉన్నట్టుండి పెరిగిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఇలా వదులుకుంటున్నవారిలో చాలామంది దేశం దాటి పది, పదిహేనేళ్లు గడిచినవారు. రాజ్యాంగం 9వ అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, తన ఇష్టంతో మరో దేశపు పౌరసత్వం పుచ్చుకున్నవారికి భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. రెండూ ఉంచుకునే వీలే లేదు. జర్మనీ 2024 జూన్ నుంచి ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించినా అక్కడి తెలుగువారికి ఒరిగిందేమీ లేదు, ఎందుకంటే అడ్డు మన చట్టంలోనే ఉంది.

అమెరికా విషయంలో ఒక విచిత్రముంది. గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) ఉన్నవారు ఏడాదికి మించి ఆ దేశం బయట ఉంటే కార్డు నిలవడమే కష్టం. ముందస్తు అనుమతి తీసుకున్నా మామూలుగా రెండేళ్లే గడువు. అక్కడి పౌరులకు ఈ బెడద లేదు. పైగా విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు చేయించుకుంటే హైదరాబాద్‌లో పదేళ్లు కాపురమున్నా వీసా అడిగేవారుండరు. అందువల్ల ఎప్పటికైనా ఊరికి తిరిగి రావాలని, అమెరికా దారి కూడా మూసుకుపోకూడదని అనుకునేవారే ముందుగా భారత పౌరసత్వం వదులుకుంటున్నారు. మమకారం తగ్గినందువల్ల వదులుకున్నారని వీరిని నిందించడం అన్యాయమని నా అభిప్రాయం.

తల్లిదండ్రుల సంగతి దీనికంటే బలమైన కారణం. నాకు తెలిసిన ఒక ఇంట్లో తండ్రి పోయాక తల్లి తెనాలిలో ఒంటరిగా మిగిలింది. విజిటర్ వీసా మీద కొడుకు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఆరు నెలలే గడువు. ఆవకాయ సీసాలు, బీపీ మాత్రల సంచీ సర్దుకుని వెళ్లడం, గడువు ముగిసేలోగా తిరిగి రావడం. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న కొడుకు తల్లికి శాశ్వత నివాసం కోసం దరఖాస్తు పెట్టలేడు. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరుడైతే పెట్టవచ్చు, దానికి ఏటా ఇన్నేనన్న కోటా కూడా లేదు. ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చిన అతను, తల్లి మూడోసారి తిరిగి వెళ్లిన నెలలోనే పౌరసత్వ దరఖాస్తు నింపాడు. రద్దు ముద్ర పడి తిరిగొచ్చిన నీలం రంగు పాస్‌పోర్టును ఇప్పటికీ పెళ్లి ఆల్బమ్ పక్కనే దాచుకున్నాడు.

ఇక భారత పౌరసత్వం నిలుపుకున్నవారందరిదీ సొంత నిర్ణయమే అనుకోవడం కూడా పొరపాటే. జగిత్యాల, సిరిసిల్ల, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కార్మికులు ముప్పయ్యేళ్లు చెమటోడ్చినా అక్కడ పౌరులు కాలేరు. యూఏఈ 2021లో ఇచ్చిన సడలింపు పెట్టుబడిదారులు, వైద్యులు, శాస్త్రవేత్తల వంటి కొద్దిమందికే. అమెరికాలోనూ ఉద్యోగం మీద ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి వల్ల మనవాళ్లు గ్రీన్ కార్డు వరుసలోనే ఏళ్లకేళ్లు గడుపుతున్నారు. ఒకే ఇంట్లో అమ్మానాన్నలవి, పెద్దపిల్లవి భారత పాస్‌పోర్టులు, అక్కడే పుట్టిన చిన్నవాడిది అమెరికా పాస్‌పోర్టు.

పోగొట్టుకునేది ఏమిటన్న దాని మీద అపోహలు చాలా ఉన్నాయి. ఓసీఐ అయితే వ్యవసాయ భూమి కొనలేమని బెంగపడేవారు కనిపిస్తారు. విదేశంలో ఉంటున్న భారత పౌరుడికీ ఆ వీలు లేదు, వారసత్వంగా వచ్చిన పొలం మాత్రం ఇద్దరికీ దక్కుతుంది. ఓటు ఉన్న ప్రవాస పౌరుడైనా దాన్ని వేయాలంటే విమానమెక్కి సొంత ఊరి పోలింగ్ కేంద్రానికి రావాల్సిందే. ఎన్నికల్లో పోటీ, ప్రభుత్వోద్యోగం మాత్రం నిజంగానే పోతాయి. తిరిగి పౌరసత్వం పొందాలంటే దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడ ఉండాలి. ఆ ఏడాది నివాసం మీద వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ విషయంలో మొదలైన వివాదం, 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన్ను జర్మనీ పౌరుడిగా తేల్చేదాకా సాగింది.

పిల్లల చదువు దగ్గరే అసలు దెబ్బ తగులుతుంది. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ విద్యార్థులు వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ రాయవచ్చు కానీ భారత పౌరులకు ప్రత్యేకించిన సీట్లకు అర్హులు కారు, ఎన్నారై సీట్లకే పోటీ పడాలి. అంతకుముందే ఓసీఐ అయినవారికి ఇది వర్తించదని సుప్రీంకోర్టు 2023లో ఊరటనిచ్చింది. ఆ నోటిఫికేషన్ తరువాత కార్డు తీసుకుని, ఒకటో తరగతి నుంచి ఇక్కడి బడిలోనే తెలుగులో చదువుకున్న అమ్మాయి కూడా కౌన్సెలింగ్ నాటికి ప్రవాసుల వరుసలోనే నిలబడాలి.