కార్డు బాకీకి ఎన్ని రూపాయల వడ్డీ పడుతోందో లెక్క వేశారా?

మా గాజువాక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ ఈ మధ్య పదేపదే తిరుగుతోంది. సారాంశం ఇదీ: క్రెడిట్ కార్డు బాకీ ఎంతున్నా మినిమం, అంటే బిల్లులో చూపే కనీస మొత్తం, కట్టేస్తే చాలు. అదీ కష్టమైతే ఒక కార్డు గీకి ఇంకో కార్డు కట్టండి, వడ్డీ పడదు. అదీ కుదరకపోతే కట్టడం మానేయండి, బ్యాంకే సగానికి సెటిల్‌మెంటుకి వస్తుంది, మూడేళ్లు దాటితే ఎవరూ ఏమీ చేయలేరు. చివర్లో పెద్ద అక్షరాలతో: అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు మాత్రం చేయొద్దు.

పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపారు. కానీ ఇందులో మొదటి రెండు సలహాలూ నేను ఏడాదికి పైగా పాటించి చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మినిమం సంగతి. మినిమం కడితే లేటు ఫీజు పడదు, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్‌లో ఎగవేత అని రాదు. అంతవరకు నిజమే. వడ్డీ మాత్రం ఆగదు. చాలా కార్డుల మీద నెలకు మూడు నుంచి మూడుముప్పావు శాతం దాకా వడ్డీ ఉంటుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. మన భాషలో చెప్పుకుంటే, మూడున్నర రూపాయల వడ్డీకి జీఎస్టీ కలిస్తే నాలుగు రూపాయల పైచిలుకు. లక్ష బాకీ మీద నెలకు 3,500 వడ్డీ, 630 జీఎస్టీ, మొత్తం 4,130. మినిమం కింద ఐదు శాతం, అంటే 5,000 కడితే అసలులో తగ్గేది 870 రూపాయలు. కొత్తగా ఏమీ కొనకుండా ఏడాదంతా అలా ఐదు శాతం చొప్పున కట్టుకుంటూ పోతే జేబులోంచి సుమారు 57 వేలు పోతాయి, బాకీ మాత్రం ఇంకా 90 వేలు ఉంటుంది. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లు కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. ఈరోజు కార్డు మీద కొన్న పాల ప్యాకెట్టుకి కూడా ఈరోజు నుంచే వడ్డీ.

కార్డు గీకడం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. 2023లో నాకు రెండు కార్డుల మీద కలిపి 1,80,000 బాకీ ఉండేది. గడువు తేదీకి రెండు రోజుల ముందు ఒక సెల్‌ఫోన్ షాపుకి వెళ్లేవాడిని. ఆ కుర్రాడు గల్లా కింద నుంచి మెషిన్ తీసి, కార్డు గీకి, బిల్లు మీద హెడ్‌ఫోన్స్ అనో పవర్ బ్యాంకు అనో రాసేవాడు. అవి నేను కళ్లతో కూడా చూడలేదు. వందకి రెండున్నర పట్టుకుని మిగతా నోట్లు రబ్బరు బ్యాండు వేసి ఇచ్చేవాడు. ఆ డబ్బుతో ఇంకో కార్డు కట్టేవాడిని. వడ్డీ పడలేదని సంబరపడేవాడిని కూడా. కానీ ఆ రెండున్నర ఏమిటి? అది వడ్డీ కాదా? లక్ష చొప్పున నెలనెలా తిప్పితే ఏడాదికి 30 వేలు కమీషనే, అసలు లక్ష అలాగే ఉంటుంది. కమీషన్ కూడా కార్డు మీదే వేసుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి లక్ష కాస్తా 1,34,000 దాటుతుంది.

సరుకు లేకుండా బిల్లు కొట్టడం కార్డు నిబంధనలకు విరుద్ధం. బ్యాంకు కనిపెడితే చెప్పాపెట్టకుండా లిమిట్ తగ్గించేస్తుంది, లేదా కార్డు బ్లాక్ చేస్తుంది. నాకు అదే జరిగింది. ఒక కార్డు లిమిట్ తగ్గిన నెలలోనే రెండో కార్డు కట్టడానికి దారి లేకుండా పోయింది. ఆ వారమంతా టెన్షన్‌తో నిద్ర లేదు.

అప్పుడు మా ఆవిడ రెండు స్టేట్‌మెంట్లూ ముందేసుకుని లెక్క వేసింది. "ఏమండీ, వీధిలో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి ఇస్తామంటే మనం తీసుకుంటామా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు తన బంగారు గాజులు తాకట్టు పెట్టడానికి బ్యాంకుకి వెళ్లాం.

అందుకే మెసేజ్‌లోని ఆ చివరి మాట, అప్పు తీర్చడానికి అప్పు చేయొద్దన్నది, నాకు అన్నిటికన్నా ప్రమాదంగా అనిపిస్తుంది. వినడానికి పెద్దల మాటలా ఉంటుంది. నాలుగు రూపాయల అప్పు తీర్చడానికి నాలుగు రూపాయల అప్పే చేస్తే తప్పు. రూపాయి వడ్డీ అప్పు తెచ్చి దాన్ని తీరిస్తే తప్పెలా అవుతుంది? 1,80,000కి రూపాయి వడ్డీ అంటే మొదటి నెల 1,800. అదే కార్డుల మీదైతే 7,400 పైన. నెలకు 10,000 చొప్పున కడితే రూపాయి వడ్డీ అప్పు 20 నెలల్లో తీరుతుంది. అదే పదివేలు కార్డులకు కడితే 34 నెలలు పడుతుంది. తేడా 14 వాయిదాలు, దగ్గర దగ్గర లక్షా ముప్పై ఐదు వేలు.

బంగారం లేనివాళ్లకూ దారులున్నాయి. ఎల్‌ఐసీ పాలసీ మీద లోను, ఉద్యోగులకైతే సొసైటీ లోను, జీతం పడే బ్యాంకులో పర్సనల్ లోను. ఏదీ దొరక్కపోతే కార్డు బాకీనే ఈఎంఐగా మార్చమని అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కలిపి చూసుకోవాలి, అయినా మామూలుగా నాలుగు రూపాయల కంటే తక్కువే పడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: తాకట్టు పెట్టి కార్డు ఖాళీ చేసి, మళ్లీ దాన్నే గీకితే బాకీ రెండింతలవుతుంది, వాయిదా తప్పితే బంగారం వేలానికి పోతుంది. బాకీ తీరిన కార్డు మూసేయమని అడిగితే రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున మీకే కట్టాలి.

ఇక సెటిల్‌మెంటు. ఉద్యోగం పోయి, ఇంట్లో ఆసుపత్రి ఖర్చులు పడి, నిజంగా ఏ దారీ లేనివాళ్లు దానికి వెళితే తప్పు పట్టను. కట్టగలిగినవాళ్లు కావాలని ఆపితే మాత్రం బ్యాంకు సగానికి దిగుతుందన్న హామీ ఏమీ లేదు. ఈలోగా వడ్డీ, లేటు ఫీజులు పెరుగుతూ ఉంటాయి. సెటిలైనా సిబిల్‌లో "సెటిల్డ్" అనే పడుతుంది, రేపు ఇంటి లోనుకి వెళ్తే మొదట అడిగేది దాని గురించే.

మూడేళ్ల మాట సగం నిజం. కాలపరిమితి చట్టం ప్రకారం దావా వేసే గడువు మామూలుగా మూడేళ్లే. కానీ గడువు లోపల బాకీ ఉందని రాతపూర్వకంగా ఒప్పుకున్నా, కొంత కట్టి ఆ కట్టినట్టు మీ సంతకం ఉన్నా లెక్క మళ్లీ మొదలవుతుంది. ఆ లోపు బ్యాంకు దావా వేయొచ్చు. కట్టలేకపోవడం ఒక్కటే నేరం కాదు, దానికి జైలు ఉండదు. ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే అది వేరే కేసు. లోక్ అదాలత్ నోటీసు వస్తే అరెస్టు వారెంటు అనుకుని వణికిపోకండి, అది రాజీకి పిలుపు. వెళ్లి మాట్లాడండి. రికవరీ ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా స్టేట్‌మెంటు పట్టుకుని ఆదివారం సాయంత్రం మా ఇంటికి రావచ్చు. లెక్క మా ఆవిడే వేస్తుంది.