ఇత్తడి పూస గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇత్తడి పూస గారి దివ్యసముఖమునకు,

ఒక్క తూటాతో ఎన్నో సన్న గుళికలు చిమ్మే నా 12 గేజ్ షాట్‌గన్ గొట్టం కొసన, గురి చూసుకోవడానికని బిగించగా, మినపగింజంత దేహంతో ఏ పనీ చేయకుండా కొలువుతీరి ఉన్న తమకు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. మిస్సోరీలో స్థిరపడి చాలా ఏళ్లయినా, వసంతం రాగానే తెల్లవారకముందే ఓజార్క్ కొండల్లోకి పోయి, చెట్టు మొదట్లో చతికిలబడి, మగ టర్కీ కోడిని రప్పించడానికి పెట్టలా కూసే వ్యసనం నాకు అంటుకుని ఆరేళ్లే అయింది. ఈ ఆరేళ్లూ తమ మీద పెట్టుకున్న నమ్మకం నేను నా బ్యాంకు మీద కూడా పెట్టుకోలేదు. అందుకే అడుగుతున్నాను. మొన్న ఏప్రిల్‌లో సరిగ్గా 25 గజాల దూరంలో తోక విప్పి నిలబడిన పుంజు తల మీద తమరు నిండుగా కూర్చుని కనిపించగా, నేను పేల్చిన తూటా ఆ తలను వదిలేసి, దానికి అరడజను అంగుళాల పైన ఉన్న ఓక్ చెట్టు బెరడును ఎందుకు చెక్కింది?

తమరు అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. తమరు పుంజు తల మీదే ఉన్నారు. ఆ మాట ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెప్పగలను. సగం నిజం చెప్పి మిగతా సగం నా చెంపకు వదిలేశారన్నదే నా ఫిర్యాదు. రైఫిల్‌కు ముందొక గురి, వెనుకొక గురి ఉంటాయి. రెండూ ఒక వరుసలోకి వస్తేనే పని జరుగుతుంది. తమరు మాత్రం ఏకాకి. వెనుక గురి ఉద్యోగం ఎవరిదయ్యా అని విచారిస్తే, అది నా కుడి కన్నుదేననీ, ఆ కన్ను ఏ ఎత్తున ఉండాలో నిర్ణయించేది, భుజానికి ఆనే తుపాకీ కర్ర మీద మోపిన నా దవడేననీ, నియామక పత్రం లేకుండానే వాటిని ఆ కొలువులో వేశారనీ ఆరో ఏట తెలిసింది.

లెక్క చూడండి. నా కంటికీ తమకూ మధ్య దూరం సుమారు ఒక గజం. పుంజు ఇంకా బాగా కనపడాలన్న ఆశతో నేను దవడను కర్ర మీద నుంచి పావు అంగుళం ఎత్తాననుకుందాం. అప్పుడు తమరిని తిరిగి పుంజు తల మీదకు తేవాలంటే గొట్టం కొస పైకి లేవక తప్పదు. ఒక గజంలో జరిగిన ఆ పావు అంగుళం తప్పు, 40 గజాల దగ్గరికి చేరేసరికి నలభై రెట్లు పెరిగి 10 అంగుళాలు అవుతుంది. 25 గజాలకైతే ఆరు అంగుళాల పైచిలుకు. మా ఊళ్లో కాల్‌మనీ వాళ్లు కూడా ఇంత వడ్డీ వేయరు. ఇంత జరుగుతున్నా తమరు మాత్రం పుంజు నెత్తి మీద నిశ్చింతగా మెరుస్తూనే ఉంటారు. గొట్టం పైనున్న పట్టీ నాకు పొడుగ్గా, ఏటవాలు రోడ్డులా కనిపిస్తుందే, అదొక్కటే హెచ్చరిక. పుంజు గుర్రుగుర్రుమంటూ నడిచి వస్తున్నప్పుడు రోడ్డు వంక చూసే నిగ్రహం ఎవరికుంటుంది?

నిజానికి తమ మీద నాకు జాలి కూడా ఉంది. షాట్‌గన్‌ను ఎక్కువగా ఎగిరే పిట్టల కోసం వాడతారు. అక్కడ వేటగాడి చూపు పిట్ట మీదే ఉండాలి, తమరు కంటి అంచున మసకగా మెదిలితే చాలు. ఎవరూ పట్టించుకోకపోవడమే అక్కడ తమ ఉద్యోగధర్మం. టర్కీ వేటలో పిట్ట నేల మీద నిలబడుతుంది. ఒంటికి గురిపెడితే దట్టమైన ఈకలూ ఛాతీ కండా గుళికలను మింగేసి పక్షి గాయంతో పారిపోతుంది కాబట్టి తలా మెడా తప్ప మరో చోటికి గురిపెట్టకూడదు. అంటే షాట్‌గన్‌తో రైఫిల్ పని చేయించుకోవాలి. పశుసంవర్ధక శాఖ గుమాస్తాను డెప్యుటేషన్ మీద ఖజానా కార్యాలయానికి పంపితే ఎలా ఉంటుందో, తమ పరిస్థితి అలా ఉంది. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునుడికి పిట్ట కన్ను మాత్రమే కనిపించిందని మనం చెప్పుకుంటాం గాని, సంస్కృత మూలంలో ఆయన అన్నది తల కనిపిస్తోందని, ఒళ్లు కనిపించడం లేదని. టర్కీ వేటగాడికి అంతకన్నా సరైన సలహా మరొకటి లేదు. కాకపోతే ఆ పిట్ట బొమ్మ. తోక విప్పి మెడ ముడుచుకుని నాట్యమాడే రకం కాదు. ముడుచుకున్న మెడ మీద కాల్చకుండా, చిన్నగా ఒక కూత కూసి, అది తలెత్తి మెడ సాచేదాకా ఆగమని పెద్దలు చెబుతారు. ఆ ఆగడంలోనే నా దవడ లేస్తుంది.

తమ లోపాన్ని డబ్బుతో పూడ్చడానికి నేను చేసిన ప్రయత్నాలు కూడా మనవి చేసుకోవాలి. గొట్టం మూతిని బిగించే టర్కీ చోక్ ఒకటి కొన్నాను. సీసం సాంద్రత 11 చిల్లర అయితే 18 ఉంటుందని చెప్పే టంగ్‌స్టన్ గుళికల తూటాలు కొన్నాను. ఒక్కో తూటాకు పెట్టిన డబ్బుతో బిర్యానీ తినవచ్చు. 9వ నంబరు టంగ్‌స్టన్ గుళిక ఎంత సన్నదైనా 5వ నంబరు సీసపు గుళికతో సమానంగా లోపలికి దిగుతుందట (నంబరు పెరిగేకొద్దీ గుళిక చిన్నది). సన్నవి కాబట్టి ఒక్క తూటాలో ఎక్కువ పడతాయట. ఇవన్నీ సత్యాలే. అయితే ఆ సత్యాలన్నీ కలిసి చేసిన ఉపకారం ఏమిటంటే, 40 గజాల దూరంలో పుంజును పడగొట్టడానికి గుళికలను గుప్పిటలో పట్టినట్లు దగ్గరగా ఉంచే ఆ చోకే, 15 గజాల దూరంలో వాటిని నిజంగానే గుప్పెడంత ముద్దగా పంపింది. దగ్గరికి వచ్చిన పుంజును తప్పడం ఎంత సులువో ఆ ముద్దే నాకు నేర్పింది. ఈ ఆరేళ్లలో నేను కొననిది ఒక్కటే, కాగితం.

ఆ కాగితం సంగతి తమరు విని తీరాలి. మొన్నటి అవమానం తర్వాత, మాంసం దుకాణాల్లో చుట్టడానికి వాడే వెడల్పాటి కాగితం చుట్ట ఒకటి కొని, షూటింగ్ రేంజికి పోయి, నడుమ ఒక చుక్క పెట్టాను. ముందుగా తేలికపాటి చవక తూటాలతో, తుపాకీని బల్ల మీద సంచులపై ఆనించి, 15 గజాల నుంచి కాల్చాను. తర్వాత అసలు తూటాతో 40 గజాల నుంచి. గుళికలు ఎక్కువ దట్టంగా పడిన చోట 10 అంగుళాల వృత్తం గీసి లెక్కపెడితే వంద దాటాలన్నది వేటగాళ్ల పాత కొలత. నూట పన్నెండు వచ్చాయి. చప్పట్లు కొట్టబోయి ఆగాను, ఎందుకంటే ఆ వృత్తం నేను పెట్టిన చుక్కకు 4 అంగుళాలు ఎడమకు ఉంది. తమరు చుక్క మీద, గుళికలు పక్కింట్లో. తమరినైనా కాస్త కుడికో ఎడమకో జరుపుదామంటే, మర బిగించి పెట్టిన తమరు జరగరు. దాని తర్వాత, అడవిలో కూర్చునే తీరులోనే నేల మీద, వీపు చెట్టుకానించి, మోకాలి మీద తుపాకీ పెట్టి మరొకటి పేల్చాను. బరువు తూటా భుజాన్ని తన్నే తన్ను ముందే తెలిసిపోయి కళ్లు మూసుకున్నానని పక్కనున్న పెద్దమనిషి చెప్పాడు. ఆయన అమెరికన్ మర్యాదస్థుడు కాబట్టి నవ్వలేదు.

ఇక తమరికి ఇవ్వవలసిన నోటీసు. రెడ్ డాట్ అనే పరికరానికి ఆర్డరు పెట్టాను. అందులో ఎర్ర చుక్క గాజులో తేలుతుంది. ఒకసారి గుళికలు పడే చోటికి దాన్ని సరిచేస్తే, నా దవడ కాస్త అటూఇటూ అయినా చుక్క ఉన్న చోటికే పోతాయని చెబుతున్నారు. ఒక్కో క్లిక్కుకు ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు), అంటే 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం కదిలే రకం అది. 40 గజాలకు నా 4 అంగుళాలు దిద్దడానికి పది క్లిక్కులు కావాలి. అలా అని తమరిని ఊడబెరకను. బ్యాటరీ అయిపోయిన ఏ తెల్లవారుజామునో మళ్లీ తమ గుమ్మమే తొక్కవలసి వస్తుంది. అందుకే వచ్చే శనివారం చవక తూటాల పెట్టెతో, మిగిలిన కాగితంతో మళ్లీ రేంజికి వస్తున్నాను. నా దవడను కర్రకు అంటించి ఉంచే అభ్యాసం ఆ రోజు నుంచే మొదలు. తమరు మాత్రం ఎప్పటిలాగే ఏమీ చేయకుండా ఉండవలసిందిగా కోరుతూ,

ఇట్లు,
తమ వెనుక గురి